ఇరవై తొమ్మిదో రోజు ఎర్రచుక్క

జూన్ 14

మావయ్యా,

చేరాను. బతికే ఉన్నాను. హాస్టల్లో గదికి నలుగురం, కిటికీ ఒక్కటే, దాని నిండా పక్కింటి గోడే. ఫోన్ చెయ్యొచ్చుగా, ఈ ఉత్తరాలేంటి అని గదిలో వాళ్లు నవ్వుతున్నారు. మా మావయ్యకి చెవిన పడింది జరిగినట్టు కాదు, కాగితం మీద పడితేనే జరిగినట్టు అని చెప్పాను. ఇంకా నవ్వారు.

శిక్షణ సంగతి చెబుతాను, విను. మొత్తం తొమ్మిది నెలలు. ముందు నెలన్నర పాఠాలు. తర్వాత అరవై పనిరోజులు ఏదో ఒక బడి ఆఫీసులో పని. ఆ అనుభవం మీద రిపోర్టు, ఆ రిపోర్టు మీద మౌఖిక పరీక్ష. పాసైతే హెడ్మిస్ట్రెస్‌గా అర్హత పత్రం ఇస్తారు. మంచి మార్కులొస్తే నేరుగా పోస్టింగే. అరవై రోజులకి నీ బడినే రాసిచ్చాను. నన్ను భరించక తప్పదు.

మొదటి రోజు 'నాయకత్వానికి ఏడు లక్షణాలు' అని ఒకాయన పాఠం చెప్పాడు. ఆయన బడి మొహం చూసి ఇరవై ఏళ్లయిందట. గోడ మీద బొమ్మ పడే యంత్రం పావుగంట పనిచెయ్యలేదు. ఏడో లక్షణం ఓర్పు అన్నాడు, చెమట తుడుచుకుంటూ. ఇక మా గైడు. ఆవిడని అందరం లక్ష్యాల మేడమ్ అంటాం. టీకి వెళ్తున్నాం మేడమ్ అన్నా, దాని లక్ష్యమేమిటి అని అడిగే రకం.

ఒక ప్రశ్న ఇచ్చారు. ఒకే రోజు ముగ్గురు టీచర్లు రాకపోతే టైంటేబుల్ ఎలా సర్దాలి? పుస్తకంలో నాలుగు పేజీల జవాబుంది. నువ్వు గంట కొట్టేలోపు చేసేస్తావుగా, ఎలా చేస్తావో రాయి. అత్తయ్యకి నేను అడిగానని చెప్పు.

నీ బుర్ర తినే మేనకోడలు


జూన్ 22
ఇన్‌వార్డు నంబరు 1

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. నంబరు వేసి ఎక్కించాను. నవ్వితే నవ్వు. వచ్చిన కాగితానికి నంబరు, పోయిన కాగితానికి నంబరు, ఇరవై ఆరేళ్లుగా అలవాటైన చెయ్యి ఇది. నీ ఉత్తరాల కోసం ప్రత్యేకంగా ఒక నోటుబుక్కు పెట్టాను. మీ అత్తయ్య తల బాదుకుంది.

ముగ్గురు టీచర్లు రాకపోతే ఏం చెయ్యాలా? మొదట, వచ్చినవాళ్లలో ఎవరి మొహం మాడి ఉందో చూడాలి. ఆ మనిషికి ఆ రోజు ఒక్క పీరియడ్ కూడా ఎక్కువ వెయ్యకూడదు. వేస్తే రేపు నలుగురు రారు. పక్కపక్క గదుల్లో ఉన్న రెండు క్లాసులు ఒకరికే ఇచ్చి మధ్య తలుపు తీయించాలి. లెక్కల పీరియడ్ ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకూడదు, పిల్లలు ఆ మనిషిని ఏడాదంతా ఏడిపిస్తారు. చివరి పీరియడ్ డ్రిల్లు మాస్టారికి వదిలెయ్యాలి. ఆయన మూడు క్లాసుల్ని ఒక్క విజిల్ మీద నడిపిస్తాడు. ఈ బడిలో నేను మనసిప్పి మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ఇవన్నీ నీ పుస్తకంలో ఉండవు. రాసినవాళ్లు ఏనాడైనా నాలా మెట్ల కింద గుమాస్తా గదిలో కూర్చుంటే కదా!

నా కింద ఆరుగురు హెడ్మాస్టర్లు పని నేర్చుకున్నారు. నా కింద అంటే తప్పు, నా మీద కూర్చుని నేర్చుకున్నారు. తుమ్ముల సారు సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. ఇప్పుడున్నాయన చూద్దాంలే సారు. వాన నీళ్లు గదిలోకొస్తున్నాయి సార్ అంటే, చూద్దాంలే. గోడ కూలేలా ఉంది సార్ అంటే, చూద్దాంలే. అందరికీ అర్హత పత్రం ఉంది, చక్కగా ఫ్రేము కట్టించి గోడకి తగిలించి ఉంది. ఆ శిక్షణకి నేనూ ఒకసారి అర్జీ పెట్టాను, నీకు తెలియదు. గుమాస్తాకెందుకయ్యా ఇవన్నీ అని మొదటి పేజీ కూడా తిప్పకుండా నా చేతిలోనే పెట్టేశారు. కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, నీ దగ్గర దాపరికమేముంది?

నువ్వు ఆరేళ్లప్పుడు నా బల్ల కింద కూర్చుని 'నిజ ప్రతి' ముద్ర కనబడ్డ కాగితం మీదల్లా కొట్టావు. నీ చేతుల మీద, చివరికి నా చొక్కా మీద. ఆ రోజే అనుకున్నాను, దీన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలని. నువ్వు కూర్చుంటే నా ఇరవై ఆరేళ్లూ అక్కడ కూర్చున్నట్టే. కాబట్టి ఆ లక్ష్యాల మేడమ్‌తో పేచీ పెట్టుకోకు. కాగితం చేతికొచ్చేదాకా నోరు జాగ్రత్త.

మీ మావయ్య


అక్టోబరు 9

మావయ్యా,

అమ్మ ఇప్పుడు కాస్త నయం. మెట్ల మీద జారడమేమిటో, తుంటి ఎముక దగ్గరే విరగడమేమిటో! ఆపరేషన్ బాగానే జరిగింది. నా తమ్ముడు ఉన్నాడుగా చూసుకోడానికి అని నీ గురించి అంటోంది గానీ, నువ్వు బడి వదిలి ఎలా వస్తావు? నేనే ఉండాలి.

నా దిగులంతా ఇంకోటి. నలభై తొమ్మిది రోజులకే నీ బడి వదిలేసి వచ్చేశాను. ఇంకా పదకొండు రోజులుంది. అరవై పూర్తి కాకపోతే వచ్చే ఏడు మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలట. రూలు రూలే అన్నారు లక్ష్యాల మేడమ్. అమ్మ కాలు విరిగిందన్నా, ఆవిడ మొహంలో గీత కదల్లేదు.

అడగాలనుకుని అడగలేకపోయిన మాట ఒకటుంది. పెద్ద హాజరు పట్టీ నాతో రాయించావు గుర్తుందా? అందులో అక్కడక్కడ హాజరు గుర్తు కింద సన్నటి ఎర్రచుక్కలున్నాయి. ఏంటవి మావయ్యా? డ్రిల్లు మాస్టారిని అడిగితే, మీ మావయ్యనే అడుగు తల్లీ అని విజిల్ తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని రాస్తున్న
నీ కోడలు


అక్టోబరు 17
ఇన్‌వార్డు నంబరు 7

అమ్మడూ,

అక్క పక్కన నువ్వుండు. మిగతాది నేను చూసుకుంటా. నీ పదకొండు రోజులూ ట్రెయినీల పట్టీలో వేసేశాను. అరవై పూర్తి. చూద్దాంలే సారు చూడకుండానే సంతకం పెట్టాడు. దాని గురించి మళ్లీ ఎత్తకు, కాగితం మీద అసలే వద్దు.

ఎర్రచుక్కల సంగతి. నువ్వు రేపు కుర్చీలో కూర్చునేదానివి, నీకు తెలియాలి.

వరసగా ముప్పై రోజులు రాని పిల్ల పేరు కొట్టెయ్యాలని రూలు. మన బడికి ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ల పిల్లలొస్తారు కదా. పని ఎక్కడుంటే అమ్మానాన్నలు అక్కడికి పోతారు, పిల్లల్ని తీసుకునే పోతారు. రెండు నెలలో, మూడు నెలలో అయ్యాక తిరిగొస్తారు. అప్పటికి పేరు లేకపోతే మళ్లీ చేర్చుకోడానికి పుట్టిన కాగితం కావాలి, పాత బడి కాగితం కావాలి, తల్లీతండ్రీ ఇద్దరూ పని మానుకుని వచ్చి నిలబడాలి. ఎవరొస్తారు? పిల్ల గేటు దాకా వచ్చి వెనక్కి పోతుంది. నేను కొత్తలో నాలుగేళ్లు చూశాను ఆ వెనక్కి పోవడం. అయిదో ఏడు చూడలేకపోయాను.

అప్పట్నుంచీ ఇరవై తొమ్మిదో రోజున ఆ పిల్లకి హాజరు వేస్తాను. ముప్పై నిండదు. మళ్లీ లెక్క మొదలవుతుంది. ఎవరు ఎటు పోయారో, ఎప్పుడొస్తారో డ్రిల్లు మాస్టారు కనుక్కుని చెబుతాడు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు, ఇప్పుడు నీకు.

మరి చుక్క ఎందుకంటావా? రాసేది అబద్ధం. అబద్ధమని నాకైనా గుర్తుండాలిగా! నిజమూ అబద్ధమూ ఒకే రంగులో ఉంటే ఆ పుస్తకానికి విలువేముంది? గుమాస్తా బుద్ధి. డ్రిల్లు మాస్టారు అంటాడు, దొంగతనం చేసి రసీదు రాసిపెట్టుకునే మనిషివి నువ్వొక్కడివేనని.

నువ్వు చూశావే, తొమ్మిదో క్లాసులో ఒకమ్మాయి, ఎప్పుడూ గోళ్ల సందుల్లో ఎర్రమట్టి, లెక్కలు నోటితో చేసేస్తుంది. ఇటుకల పిల్ల అంటారు. ఒకటో క్లాసు నుంచి దానికి ఇరవై రెండు చుక్కలు వేశాను. వచ్చే ఏడు పదో క్లాసు పరీక్ష. ఆ పరీక్షకి రెండేళ్లు ఎడతెగకుండా పేరు ఉండాలి. ఇప్పుడు బట్టీకి పోయి ఉంది, ఫిబ్రవరిలో వస్తుంది. దాని చేత ఆ పరీక్ష రాయించి నేను రిటైరైతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు నాకు.

నీకు అర్థం కావాలని ఒక పేజీ ఫొటోకాపీ తీసి పంపుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో.

మీ మావయ్య


డిసెంబరు 3

మావయ్యా,

నాలుగు సంతోషాలు, ఒక చిరాకు. అమ్మ కర్ర లేకుండా నడుస్తోంది. నేను హాస్టల్‌కి తిరిగొచ్చేశాను. కిటికీ పక్క మంచం నాకొచ్చింది. రిపోర్టు మొదలైంది. చిరాకేమిటంటే, నీ టైంటేబుల్ పద్ధతి మీద ముప్పై పేజీలు రాసి తీసుకెళ్తే లక్ష్యాల మేడమ్ ఒక్క నిమిషంలో పక్కన పడేశారు. ఇది అందరూ రాసేదే, ఇందులో సమస్య ఏది, సాక్ష్యం ఏది అన్నారు. హాజరు మీద రాయమన్నారు.

దాంతో నీ ఇరవై తొమ్మిదో రోజు గురించి చెప్పాను. కోప్పడకు. ఎంత మంచి పనో నలుగురికీ తెలియాలనిపించింది. 'మనసున్న కార్యాలయం' అని పేరు కూడా పెట్టాను. బడి పేరు ఉండదు, నీ పేరు ఉండదు, ఇటుకల పిల్ల ఊసే ఉండదు. ఆవిడ కళ్లజోడు తీసి, ఇది మొదటి ర్యాంకు విషయమమ్మా అన్నారు. జీవితంలో మొదటిసారి ఆవిడ నవ్వడం చూశాను. పళ్లు బాగానే ఉన్నాయి.

నువ్వు నేర్పిందే నన్ను గట్టెక్కిస్తోంది.

నీ ర్యాంకు కోడలు


డిసెంబరు 12
ఇన్‌వార్డు నంబరు 11

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు మెచ్చుకుంటూనే రాస్తావు, నాకు తెలుసు. కానీ మెచ్చుకోలు అయినా తిట్టయినా, ఇది కాగితం మీదకి ఎక్కే విషయం కాదమ్మా. ఇప్పటికే రాసేశానంటావా, అయితే బడి ఆనవాళ్లు ఏవీ లేకుండా చూడు. మెట్ల కింద గది అని కూడా రాయకు.

ఆ పేజీ మాత్రం నీ పెట్టె దాటకూడదు. నా చేతిరాత ఈ చుట్టుపక్కల ప్రతి ఇన్‌స్పెక్టరుకీ తెలుసు. ఏటా ఆ రిజిస్టరు మీదే సంతకాలు పెట్టి పోతారు. పేజీ పెట్టెలో భద్రంగా ఉందని ఒక్క ముక్క రాయి. నాకు నిద్ర పట్టడం లేదంటే మీ అత్తయ్య నవ్వుతోంది.

మీ మావయ్య


జనవరి 20

మావయ్యా,

ఆలస్యానికి క్షమించు. నీ ఉత్తరం వచ్చేసరికి రిపోర్టు బైండింగుకి వెళ్లిపోయింది. పేజీ సంగతి నువ్వేం కంగారు పడకు.

మౌఖిక పరీక్ష అయిపోయింది! ముగ్గురు కూర్చున్నారు. మా మేడమ్, ఓర్పు మాస్టారు, బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన. మొదటి ఇద్దరూ తల తినేశారు. పెద్దాయన మాత్రం ఒక్కటే అడిగారు, అరవై రోజులు ఏ బడిలో చేశావమ్మా అని. చెప్పాను. ఎలాగూ నా కాగితాల్లో ఉందిగా. మంచి బడి, అక్కడి రికార్డులు ముత్యాల్లా ఉంటాయి, నాకు తెలుసు అన్నారు. నిన్నే మెచ్చుకున్నారు మావయ్యా! నాకు కన్నీళ్లొచ్చాయి.

రిపోర్టు పేరు మాత్రం చివర్లో మేడమ్ మార్చారు. 'హాజరు నమోదులో లోపాలు, దిద్దుబాటు' అని. పేరులో ఏముందిలే, లోపలంతా నేను రాసిందే.

నీ కోడలు


ఫిబ్రవరి 11
ఇన్‌వార్డు నంబరు 12 కి జవాబు

అమ్మడూ,

ఇక్కడ కొంప మునిగింది.

మొన్న చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. టీ వద్దన్నాడు. నేరుగా మెట్ల కిందకొచ్చి పెద్ద హాజరు పట్టీలు ఇరవై ఏళ్లవీ తియ్యమన్నాడు. ఎక్కడా వెతకలేదమ్మా, ఏం వెతకాలో తెలిసే వచ్చాడు. జేబులోంచి భూతద్దం తీసి ఎర్రచుక్కలు లెక్కపెట్టుకున్నాడు. నేనే లెక్క తేలిగ్గా తేలేలా పెట్టి ఉంచానుగా! ఈ ఏడాదివి ముప్పై ఏడు పేర్లు. ముప్పై ఏడూ అక్కడికక్కడే నా చేతే కొట్టించాడు. గీత వంకర పోతే స్కేలు పెట్టమన్నాడు. చూద్దాంలే సారు పక్కనే నిలబడి, నాకేం తెలియదండీ, నేను కొత్తగా వచ్చాను అన్నాడు. ఆరేళ్లయింది ఆయన వచ్చి.

చుక్కల సంగతి తెలిసినవాళ్లు ముగ్గురమే. నేను చెప్పలేదు. నీ రిపోర్టులో బడి పేరు లేదు, చుక్కల పేజీ నీ పెట్టెలోనే ఉంది. ఇక మిగిలిందెవరు? డ్రిల్లు మాస్టారిని స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగాను. ఇరవై ఏళ్ల స్నేహం ఇదేనా, నీకేం ముట్టజెప్పారు, సిగ్గులేదా అన్నాను. నోటికొచ్చినదల్లా అన్నాను. ఆయన మెడలో విజిల్ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడే బదిలీకి అర్జీ పెట్టుకున్నాడు. పోనీ, పీడా పోయింది.

నువ్వు రూలు పుస్తకాలు చదివావుగా. కొట్టేసిన పేరు మళ్లీ పాత తేదీతో ఎక్కించడానికి ఎక్కడైనా చిన్న సందు ఉందేమో చూసి రాయి. ఇటుకల పిల్ల ఈ నెలాఖరుకి వస్తుంది. నా సంగతి వదిలెయ్, దాని పేరు నిలబడాలి.

మీ మావయ్య


ఫిబ్రవరి 24

మావయ్యా,

నీ ఉత్తరం చూసి చేతులూ కాళ్లూ ఆడలేదు. పుస్తకాలన్నీ తిరగేశాను. సందేమీ కనబడలేదు. మేడమ్‌ని అడుగుదామంటే ఫలితాల హడావిడిలో ఉన్నారు.

ఆరోగ్యం జాగ్రత్త. మాత్రలు మానకు. డ్రిల్లు మాస్టారి మీద మరీ అంత కోపం వద్దులే. ఎవరు చెప్పారో ఎవరికి తెలుసు? కాలమే అన్నీ సర్దుతుంది. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

నీ కోడలు


మార్చి 4
ఇన్‌వార్డు నంబరు 13

అమ్మడూ,

పది వాక్యాల ఉత్తరం నువ్వు నాకెప్పుడూ రాయలేదు. పరీక్షల అలసట కాబోలు అనుకున్నాను.

ఇటుకల పిల్ల నిన్న వచ్చింది. పొద్దున్నే క్లాసులో కూర్చుంది. పేర్లు పిలుస్తుంటే తన పేరు రాలేదు. టీచరమ్మ మర్చిపోయారనుకుని లేచి నిలబడి నేనూ ఉన్నానండీ అంది. క్లాసంతా నవ్వారట. మెట్ల కిందకి పంపారు. నేను చెప్పాలిగా మరి! చెప్పాను. అది రిజిస్టరు చూపించమంది. చూపించాను. తన పేరు మీద గీత మీద వేలు పెట్టి, ఇది స్కేలుతో గీశారా అంది. అవునన్నాను. నేను స్కేలు లేకుండానే సూటిగా గీస్తాను అంది. గేటు దాకా పోయి వెనక్కి చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు.

నాకు విచారణ నోటీసు వచ్చింది. ఆధారం, 'శిక్షణ సంస్థ ద్వారా అందిన నివేదిక, జతచేసిన ఒక పేజీ నకలు' అని రాసి ఉంది. శిక్షణ సంస్థ అంటే ఏది అమ్మడూ? ఇలాంటివి ఇంకా ఉన్నాయా? మీ మేడమ్‌ని అడిగి రాయి.

మావయ్య


మార్చి 16

మావయ్యా,

ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు అలికితే ఏమనుకోకు.

అది మా సంస్థే. ఆ పేజీ నేను ఇచ్చిందే. సాక్ష్యం లేకపోతే రిపోర్టు చెల్లదన్నారు. పేర్ల మీద తెల్ల కాగితం అంటించాను, నీ చేతిరాత సంగతి నేను ఆలోచించలేదు. నువ్వు ఉంచుకో అన్నావు కదా, నాకిచ్చేశావనే అనుకున్నాను. వద్దని నువ్వు రాసేసరికి ఇచ్చేసి వారమైంది. వెనక్కి అడిగితే రిపోర్టే తీసేస్తారని భయమేసింది. బయటి నుంచి వచ్చిన ఆ పెద్దాయన మీ ఇన్‌స్పెక్టర్లందరి మీదా అధికారి అని నాకు తర్వాత తెలిసింది. నీ ఫిబ్రవరి ఉత్తరం చదవగానే అర్థమైంది. ఫలితాలొచ్చాక చెబుదామనుకున్నాను. డ్రిల్లు మాస్టారి మాట చదివినప్పుడు చచ్చిపోవాలనిపించింది, నిజంగా.

పోయిన వారం విచారణవాళ్లు వచ్చి ఆ పేజీ అసలుకి నకలేనా అని రాసివ్వమన్నారు. నేనేం చెయ్యను చెప్పు? కాదంటే నా రిపోర్టు అబద్ధమవుతుంది. 'నిజ ప్రతి' అని రాసి సంతకం పెట్టాను.

ఒక్క మాట, కోప్పడకుండా విను. రికార్డు నిజం చెప్పాలి కదా మావయ్యా. ఎంత మంచికైనా సరే, హాజరు పట్టీలో లేనివాళ్లని ఉన్నట్టు రాయకూడదు కదా. ఇక్కడ తొమ్మిది నెలలూ నేర్చుకున్నది అదే. నేను రేపు కుర్చీలో కూర్చుంటే ఇలాంటి పిల్లల కోసం రూలునే మార్పించడానికి పోరాడతాను. నీ మీద ఒట్టు.

నాకు మొదటి ర్యాంకు వచ్చింది. పోస్టింగు కూడా సిద్ధంగా ఉంది. ఒక్క కాగితమే తక్కువ. అరవై రోజులూ పని చేశానని మీ బడి నుంచి హాజరు ధ్రువపత్రం కావాలి, నెలాఖరులోపు. అది లేకపోతే పోస్టింగు రెండో ర్యాంకుకి పోతుంది. అడగడానికి మొహం చెల్లడం లేదు. కానీ ఇంకెవర్ని అడగను? ఆ కుర్చీ నువ్వు కన్న కలే కదా.

నన్ను తిట్టు. కానీ పంపు.

నీ అమ్మడు


మార్చి 25
డిస్పాచ్ నంబరు 214

హెడ్మిస్ట్రెస్ గారికి,

మీ ఉత్తరం అందింది. నంబరు 14 వేసి ఎక్కించాను.

పాత ఉత్తరాలన్నీ తీసి తేదీల వారీగా మళ్లీ చదివాను. జనవరి 20న మీరు 'పేజీ సంగతి కంగారు పడకు' అని రాశారు. పేజీ పెట్టెలో ఉందని రాయలేదు. నేను అడిగింది ఆ ఒక్క ముక్కే. ఇరవై ఆరేళ్లు కాగితాలు చదివి బతికినవాడిని, అడిగిన మాటకీ వచ్చిన జవాబుకీ ఇంత తేడా ఉంటే నా కంటికి ఆనలేదు. మా అమ్మాయి రాసింది కదా అని చదివాను. గుమాస్తాగా చదవలేదు. తప్పు నాదే.

డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్లాను. ఇంట్లో లేరండీ అన్నారు ఆయన భార్య. ఆయన బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి. ఆయన విజిల్ నా దగ్గరే ఉండిపోయింది, గుమ్మంలో పెట్టి వచ్చాను. ఎల్లుండి ఆయన కొత్త బడికి వెళ్లిపోతున్నాడు.

ఇటుకల పిల్లకి బట్టీలోనే పని దొరికిందట. ఇటుకలు లెక్కపెట్టే పని. ఎవరూ చెప్పకుండానే నోటితో లెక్క తేలుస్తుందని అక్కడ అందరూ మెచ్చుకుంటున్నారట.

విచారణాధికారి నన్ను ఒకటే అడిగాడు. ఈ ఏడాది మీరు రాసిన తప్పుడు హాజరులన్నీ మీ చేత్తోనే జాబితా రాసివ్వండి, ఒక్కటి దాచినా మళ్లీ కేసే అన్నాడు. నిన్న కూర్చుని రాశాను. చుక్క ఉన్న ప్రతి పేరూ, ప్రతి తేదీ. ముప్పై ఏడు పేర్లు తేలాయి.

మీ పదకొండు రోజులకి చుక్క లేదు. ఆ రోజు ఎర్ర పెన్ను తీశాను, మళ్లీ మూత పెట్టేశాను. పరాయి పిల్లల కోసం రాసిన అబద్ధాన్ని గుర్తుపెట్టుకోవాలి గానీ, మన పిల్ల కోసం రాసినదానికి గుర్తెందుకు, అది నాతోనే పోతుందిలే అనుకున్నాను. చుక్క లేదు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. నేను రాస్తే తప్ప.

పెన్ను తీసి, మీ ఉత్తరం పక్కన పెట్టుకున్నాను. మంచికైనా సరే, లేనివాళ్లని ఉన్నట్టు రాయకూడదని మీరే రాశారు. చదివి సంబరపడాల్సిన వాక్యం. బాగా నేర్చుకున్నారు.

రాయలేదు. ముప్పై ఎనిమిదో పేరు వెయ్యలేదు. ప్రేమతో అని మాత్రం అనుకోకండి. ముప్పై ఏడు గీతలు గీసిన చేతికి ఇంకో గీత గీసే ఓపిక లేకపోయింది. మీ పేరు పట్టీలో అలాగే ఉంటుంది. మీరు ఎక్కడ ఏ కుర్చీలో కూర్చున్నా అక్కడ పదకొండు రోజులు మీవి కావు. అది మీకు తెలుసు, నాకు తెలుసు. వాటిని ఎర్రచుక్కతో గుర్తుపెట్టుకోవడం ఇకనుంచి మీ పని.

నెలాఖరుకి తాళాలు అప్పగించమన్నారు. నేను ఎక్కించే ఆఖరి కాగితం ఇదే. అక్కకి ఈ సంగతులేవీ చెప్పకండి, ఇప్పుడిప్పుడే పూర్తిగా తేరుకుంటోంది. మీ ఉత్తరాల నోటుబుక్కుకి తాడు కట్టి అట్టపెట్టెలో పెట్టేశాను. ఇక మీదట వచ్చేవాటికి నంబరు ఉండదు. నంబరు లేని కాగితం నా దగ్గరికి వచ్చినట్టు కాదని మీకు తెలుసు.

గుమాస్తా

జత: హాజరు ధ్రువపత్రం, ఒకటి. అరవై రోజులు, పూర్తి హాజరు. 'నిజ ప్రతి' ముద్ర వెయ్యలేదు. అది మీరు వేసుకోండి, చిన్నప్పుడే నేర్పాను.